చల్ల మిరపకాయలు, ముప్ఫై రెండు కోర్లు

ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాక నాకు ఉద్యోగం వచ్చింది. కూర్చున్నాక అని రాశాను గానీ, ఆ ఆరేళ్ళలో తీరిగ్గా కూర్చున్న రోజు ఒక్కటీ గుర్తులేదు. హైదరాబాదులో ఐదేళ్ళు ప్రోగ్రామరుగా చేసి, మా ఆయన వెంట కెనడాలోని మిల్టన్ వచ్చాను. పీఆర్, అంటే ఇక్కడ స్థిరంగా ఉండిపోయే అనుమతి, వచ్చేదాకా ఆగుదాం, పాప బడికి వెళ్ళేదాకా ఆగుదాం అనుకుంటూ ఆగుతూనే ఉండిపోయాను. తర్వాత అప్లై చేసిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న, మధ్యలో ఈ గ్యాప్ ఏమిటి అని. గ్యాపట గ్యాపు! ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది.

చివరికి వాటర్లూలో ఒక చిన్న కంపెనీ నన్ను తీసుకుంది. వాళ్ళు చిన్న ఊళ్ళ ఆసుపత్రుల కోసం సాఫ్ట్‌వేర్ చేస్తారు. స్కానింగ్ యంత్రం ముక్కలు ముక్కలుగా తీసిన బొమ్మలన్నిటినీ కూర్చి ఒకే నిండు బొమ్మగా చూపించడం దాని పని. ఆర్నెల్లు ప్రొబేషన్. పని నచ్చితే పర్మనెంట్, నచ్చకపోతే నమస్కారం. ఇది కూడా పోతే ఇంకోచోట అప్లై చేసే ఓపిక నాలో లేదని నాకు బాగా తెలుసు. మా ఆయనకీ తెలుసు. అందుకే ఆ ఆర్నెల్లూ ఇంట్లో గిన్నెలు ఆయనే తోమాడు.

ప్రొబేషన్ ఇక రెండు వారాల్లో అయిపోతుందనగా మా మేనేజరు ఒక పని అప్పజెప్పింది. ఆవిడ తెల్లజుట్టు మనిషి, మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. ఉత్తరాన ఒక ఆసుపత్రికి కొత్త కంప్యూటర్ పంపాలట. రెండు మిషన్లు వ్యాన్లో మా ఇంటికే పంపించింది. ఏది వేగంగా పనిచేస్తుందో తేల్చి రిపోర్టు రాయమంది. వచ్చే వారం శుక్రవారం మీటింగులో ఆ రిపోర్టు చూద్దాం, అప్పుడే మీ ప్రొబేషన్ సంగతి కూడా తేల్చుకుందాం అని చెప్పి ఫోన్ పెట్టేసింది. అంటే ఆ రిపోర్టే నా పరీక్ష అన్నమాట.

రెండు మిషన్లలోనూ కోర్లు ముప్ఫై రెండే. కోర్ అంటే చిప్పులో అసలు లెక్కలు చేసే భాగం. మొదటి మిషన్లో ముప్ఫై రెండు కోర్లూ ఒకే పెద్ద చిప్పులో ఉన్నాయి. రెండోదాంట్లో రెండు ప్రాసెసర్లు, అంటే రెండు చిన్న చిప్పులు, ఒక్కోదాంట్లో పదహారు కోర్లు, ఎవరి మెమరీ వాళ్ళ పక్కన. మంది అంతే, కాపురాలే వేరు. బొమ్మ సరిగ్గా వచ్చిందని తేలేదాకా పేషెంటు స్కానింగ్ బల్ల మీద కదలకుండా పడుకోవాలి కాబట్టి, ఏది వేగం అన్నది ఉత్త పంతం కోసం కాదు.

మిషన్లని బేస్‌మెంట్లో బల్ల మీద పక్కపక్కన పెట్టించాను. ముందు వైపు గోడకి, వెనక వైపు గదిలోకి. అవి ఆన్ చేస్తే వచ్చే మోత భరించడం నా వల్ల కాలేదు. అందుకని నేను పైన పడకగదిలో లాప్‌టాప్ పెట్టుకుని, అక్కడి నుంచే వాటిని నడిపించాను. ఒకే స్కాన్‌ని మళ్ళీ మళ్ళీ కూర్చడం, ఎంతసేపు పట్టిందో రాసుకోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పగలూ రాత్రీ అవే తిరిగాయి. ఆ తర్వాత కూడా వాటిని ఆపలేదు, వాటి మానాన అవి తిరుగుతూనే ఉన్నాయి. నేను మెట్లు దిగి కిందికి వెళ్ళిందే లేదు.

ఇప్పుడు మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ ఊళ్ళో నూలు మిల్లు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. పిల్లల దగ్గర ఏళ్ళ తరబడి ఉండనిచ్చే సూపర్ వీసా మీద నవంబరులో వచ్చింది. ఇంగ్లీషు గడగడా చదువుతుంది గానీ మాట్లాడటం అలవాటు లేదు. మెచ్చుకోవడం అసలే అలవాటు లేదు. నా కూర బాగుందని ఒక్కనాడూ అనదు, "ఉప్పు సరిపోయింది" అంటుంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తే పండగే అని మా ఆయన ముందే నన్ను సిద్ధం చేశాడు.

మిషన్లు వచ్చిన రోజు ఆవిడ బేస్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడి చెవులు మూసుకుంది.

"ఏంటమ్మాయ్ ఇయ్యి? పిండిమర పెట్టినట్టుందే!"

"ఆఫీసు మిషన్లు అత్తయ్యగారూ. మీకు దణ్ణం పెడతాను, వాటిని మాత్రం ముట్టుకోకండి."

"నేనెందుకు ముట్టుకుంటా? నాకేం పని వాటితో?" అంది మూతి ముడుచుకుని.

అయ్యో, విసురుగా అన్నానే అని, సాయంత్రం టీ తాగుతూ ఆ పరీక్ష ఏమిటో విడమరిచి చెప్పాను. ఒకే ఇంట్లో ముప్ఫై రెండు మంది ఉండి ఒక పని చేస్తే త్వరగా అవుతుందా, లేక పక్కపక్క రెండిళ్ళలో పదహారేసి మంది ఉంటే త్వరగా అవుతుందా, అదీ నేను తేల్చాల్సింది అన్నాను. ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి నా మొహం చూసింది.

"ఒకే ఇంట్లో ముప్ఫై రెండు మందా? బాత్రూములెన్ని?"

నేను పొలమారేలా నవ్వాను గానీ, ఆ ప్రశ్న నా బుర్రలో ఉండిపోయింది. నిజమే కదా! కోర్లన్నీ ఒకే చిప్పులో ఉంటే, మెమరీ దగ్గరికి వెళ్ళే దారి దగ్గర తోపులాట ఉంటుంది. రెండు ప్రాసెసర్లయితే ఎవరి దారి వాళ్ళది. అంకెలు ఇంకా రాకముందే నాకు జవాబు తెలిసిపోయినట్టనిపించింది. నా స్వభావమే అంత. ఒకసారి మనసులో పడిందంటే ఇక అదే నిజం.

పరీక్ష మొదలయ్యే ముందు శనివారమే అత్తగారు ఇండియన్ స్టోరులో లావుపాటి పచ్చిమిరపకాయలు చూసి ముచ్చటపడి రెండు కిలోలు కొనిపించింది. గాట్లు పెట్టి ఉప్పు మజ్జిగలో నానేసింది. చల్ల మిరపకాయలంటే తెలుసుగా, రాత్రంతా మజ్జిగలో నానాలి, పగలంతా ఎండాలి, సాయంత్రం మళ్ళీ ఆ మజ్జిగలోకే వెయ్యాలి. అలా మూడు నాలుగు రోజులు తిరగాలి. వంటింటి కిటికీ దగ్గర పళ్ళెం పెట్టి గంట సేపు చూసి, "ఇదేం ఎండమ్మాయ్! వెలుతురు తప్ప వేడి లేదు. బల్బు వేసినట్టుంది" అని విసుక్కుంది. ఆ తర్వాత వాటి ఊసెత్తలేదు. నేనూ అడగలేదు. నా గోల నాది.

అంకెలు వచ్చాయి. నేను అనుకున్నట్టే వచ్చాయి! ఒకే చిప్పు మిషన్ పగలంతా ఈసురోమని నడిచింది. రెండు ప్రాసెసర్లది హాయిగా, ఒకే వేగంతో పని చేసుకుపోయింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. రాత్రి పూట ఒకే చిప్పుది ఎందుకో చురుగ్గా పరిగెత్తి రెండోదాన్ని దాటిపోయేది. తెల్లారాక మళ్ళీ నీరసం. రాత్రి కరెంటులో ఏదో తేడా ఉండి ఉంటుందిలే అనుకుని రాత్రి అంకెలన్నీ పక్కన పెట్టేశాను. బుధవారం పగలు కూడా అది చురుగ్గానే నడిచింది. బుధవారానికి ఏదో అయిందిలే అని ఆ రోజునీ కొట్టేశాను. చదివేవాళ్ళు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. తిట్టుకోండి, తప్పులేదు. చిప్పు ఎంత వేడెక్కిందో కూడా పక్కనే రాసుకోవాలి, అది ఈ పనిలో మొదటి పాఠం. జవాబు తెలిశాక వేడెందుకని అదీ రాయలేదు.

మిగిలిన అంకెలతో మూడు పేజీల సిద్ధాంతం రాశాను. మెమరీ దారిలో ఇరుకు ఎలా మొదలవుతుంది, ఒక్కో కోరూ ఎంతసేపు తన వంతు కోసం కాచుకుంటుంది, ఇలా. బొమ్మలు కూడా గీశాను. బాత్రూముల మాట మాత్రం రాయలేదు. సోమవారం మేనేజరుకి పంపితే మంగళవారం జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. ఈ మధ్య నేను చదివిన వాటిలో ఇంత స్పష్టమైన విశ్లేషణ లేదు, శుక్రవారం మాట్లాడదాం అని. మాట తక్కువ మనిషి రెండు వాక్యాలు రాసిందంటే మామూలు విషయమా? నేను గాల్లో తేలిపోయాను. మా ఆయనకి ఆ మెయిల్ మూడుసార్లు చదివి వినిపించాను. ఆయన నాలుగోసారి తనే చదువుకున్నాడు.

"ఇంక పర్మనెంటే. స్వీట్లు తెచ్చేదా?" అన్నాడు.

"శుక్రవారం కానీండి" అన్నాను, పైకి బెట్టుగా.

ఆయన బేస్‌మెంట్లోకి ఏదో వస్తువు కోసం దిగబోయి, సగం మెట్ల మీంచే వెనక్కి వచ్చాడు. కింద పులిసిన పెరుగు వాసన వస్తోంది, కాలవ ఎక్కడో పూడుకుపోయినట్టుంది, ప్లంబర్‌ని పిలవాలి అన్నాడు. శుక్రవారం తర్వాత చూద్దాం అన్నాను. ఆ వారం మా ఇంట్లో అన్నీ శుక్రవారం తర్వాతే.

గురువారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. ముద్దపప్పు, నెయ్యి, పక్కన చిన్న గిన్నెలో నల్లగా నిగనిగలాడుతూ వేయించిన చల్ల మిరపకాయలు. ఒకటి కొరికితే, అబ్బ! ఆ ఉప్పదనం, ఆ పులుపు, వెనకాల నెమ్మదిగా ఎక్కే కారం. ఆరేళ్ళలో అంత మంచి చల్ల మిరపకాయ తినలేదు.

"ఎక్కడివి అత్తయ్యగారూ ఇయ్యి? స్టోరులో దొరికినయ్యా?"

"స్టోరులోయా! బాగానే ఉంది సంబడం. నేను పెట్టినయ్యే. నువ్వూ చూశావుగా."

"ఈ చలికి ఎండినయ్యా? ఎక్కడ ఎండినయ్యి?"

"కిందే. నీ పెద్ద మిషన్ దగ్గర" అంది అన్నం కలుపుకుంటూ.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ముట్టుకోవద్దన్నావు, ముట్టుకోలా" అంది ఆవిడ నా మొహం చూసి. "దాని ఎనకమాల నించి వేడిగాలి ఊరికే పోతోంది. ఆ గాలికి పెట్టా, అంతే. రెండోదాని దగ్గర కూడా చెయ్యి పెట్టి చూశానమ్మాయ్. దానికి రెండు చోట్ల నించి చెరికాస్తా వస్తంది, నులివెచ్చగా. లాభం లేదు. ఇదైతే ఒకేచోట నించి పొయ్యిలాగా కొడతంది. మొన్న మంగళవారం నించి రెండో వాయి పెట్టా."

అన్నం వదిలేసి, ఎంగిలి చేత్తోనే మెట్లు దిగి పరిగెత్తాను. నిజమే. ఒకే చిప్పు మిషన్ వెనక ఒక స్టూలు. దాని మీద పెద్ద స్టీలు పళ్ళెం నిండా మిరపకాయలు. వేడి బయటికి పోకుండా పైన పాత పంచె ముక్క గుడారంలా కప్పి ఉంది. ఆ పంచె ఒక చివర మిషన్ నెత్తిన ఉంది, జారిపోకుండా దాని మీద ఆవకాయ సీసా. వేడిగాలి బయటికి పోవడానికి దారే లేదు. చిప్పు వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. నేను మూడు పేజీల్లో వివరించిన ఇరుకు మెమరీ దారిలో లేదు, ఆ పంచె కింద ఉంది. పులిసిన వాసన కూడా కాలవది కాదు.

"ముట్టుకోలేదన్నారు, మరి ఈ సీసా?" అని అరిచాను.

"సీసా ముట్టుకుంది. నేను కాదుగా" అంది మెట్ల మీంచి. అప్పటికి ఆవిడ గొంతులో ధీమా తగ్గింది.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మొదట అరిచాను, ఆ మాట దాచను. అడగొచ్చుగా, ఒక్క మాట చెప్పొచ్చుగా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆవిడ వచ్చి పంచె తీసేసి, పళ్ళెం ఎత్తి పక్కన పెట్టి, సీసా ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. పది నిమిషాలకి మిషన్ చల్లబడింది. ఆ తర్వాత కూర్చిన మొదటి స్కానే రెండు ప్రాసెసర్లదానికన్నా ముందు అయిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

అప్పుడు చల్లబడి ఆవిడ పక్కన కూర్చుని అడిగాను, పళ్ళెం ఏయే రోజు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు అని. ఆవిడ తడుముకోలేదు.

"పొద్దున మావాడు రైలుకి ఎళ్ళంగానే ఎనిమిదింటికి పెట్టేదాన్ని. సాయంత్రం నాలుగున్నరకి తీసి మజ్జిగలో వేసేదాన్ని. పోయిన వారం సోమ, మంగళ, గురు, శుక్రవారాలు. బుధవారం మోకాలు నొప్పిగా ఉండి మెట్లు దిగలా."

లాప్‌టాప్ తెచ్చి చూస్తే ఒక్క నిమిషం తేడా లేదు. ఎనిమిది దాటాక కాసేపటికి మిషన్ నీరసించేది, నాలుగున్నర దాటాక లేచి కూర్చునేది. బుధవారం పగలంతా చురుగ్గా ఉంది. నేను చెత్త అని పారేసిన అంకెలే అసలైనవి, దాచుకుని సిద్ధాంతం కట్టిన అంకెలన్నీ మిరపకాయలవి!

అసలు సంగతి తిరగబడింది. ఒక్క పేషెంటు బొమ్మనే అన్ని కోర్లూ పంచుకుని కూర్చేటప్పుడు, ఒకరికి దొరికిన ముక్క ఇంకొకరికి క్షణక్షణం కావాలి. ఒకే చిప్పులో ఉంటే పక్కగదిలోంచి అందుకున్నట్టు. రెండు ప్రాసెసర్లయితే ప్రతిదానికీ వీధి దాటాలి. ఆ ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రం ఒక్కటే, పేషెంటు కూడా ఒకసారికి ఒక్కరే. కాబట్టి వాళ్ళకి కావాల్సింది ఒకే చిప్పు మిషన్. నేనేమో రెండోది కొనమని రాశాను.

సాయంత్రం మా ఆయన వచ్చాక ఇదంతా చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తలుపు దగ్గరగా వేశాడు.

"రేపు ఏం మాట్లాడకు. ఆవిడకి ఆ మూడు పేజీలే కదా నచ్చింది? పర్మనెంట్ లెటర్ చేతికొచ్చాక, మళ్ళీ టెస్ట్ చేశాను, రిజల్ట్ మారింది అని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?"

"ఆర్డర్ వెళ్ళిపోతే?"

"ఒక్క వారంలో ఎక్కడికీ పోదు. ఆరేళ్ళు చూశాను నిన్ను. మళ్ళీ ఆ గ్యాప్ ప్రశ్నలు, ఆ ఏడుపులు నా వల్ల కాదు."

ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. నేను అంతకన్నా భయపడ్డాను. ఆ మూడు పేజీలు తీసేస్తే రిపోర్టులో ఇంకేం మిగులుతుంది? అరపేజీ. ఆ అరపేజీ కోసం ఎవరు ఉద్యోగం ఇస్తారు? అయినా, ఆ బల్ల మీద కదలకుండా పడుకునే మనిషి గుర్తొచ్చి, చెప్పేస్తాను అన్నాను. ఒక్కటి మాత్రం నిశ్చయించుకున్నాను. అత్తగారి పేరు ఎత్తకూడదు. గది చూసుకోకపోవడం నా తప్పు, ఆవిడదెలా అవుతుంది? మేం గుసగుసగానే మాట్లాడుకున్నాం అనుకున్నాం. మా టౌన్‌హౌస్ గోడలు అట్టముక్కలని ఇద్దరం మర్చిపోయాం.

శుక్రవారం పదింటికి పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర మీద మేనేజరు. నమస్కారాలయ్యాక, ఆవిడ నా మూడు పేజీల గురించి మొదలుపెట్టబోయింది. నేను ఆపాను.

"ఆ మూడు పేజీలూ తప్పు" అన్నాను. "ఒకే చిప్పు మిషన్ పగటి పూట వేడెక్కి వేగం తగ్గించుకుంది. గాలి పోయే దారికి అడ్డం ఉంది. నేను వెళ్ళి చూడలేదు. వేడి రాసుకోలేదు. నా ఊహకి ఒప్పుకోని అంకెల్ని తీసేశాను. సరైన అంకెలు అరపేజీలో ఇప్పుడు పంపాను. ఆసుపత్రికి ఒకే చిప్పు మిషనే మంచిది."

ఆవిడ నా అరపేజీ తెరిచి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఏం అడ్డం ఉంది?"

"ఇంట్లో వస్తువు."

"ఏం వస్తువు?"

అప్పుడు నా వెనక తలుపు తెరుచుకుంది. అత్తగారు లోపలికి వచ్చేసింది. చేతుల్లో ఆ పళ్ళెం, పళ్ళెంలో సగం ఎండిన మిరపకాయలు. ఇస్త్రీ చీర కట్టుకుని, కుంకుమ పెట్టుకుని, ఎక్కడికో ప్రయాణమైనట్టుంది. పళ్ళెం కెమెరాకి ఎదురుగా పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు ఆఫీసు ఉత్తరాలు టైపు కొట్టిన ఇంగ్లీషులో, ఒక్కో మాటా నొక్కి పలికింది.

"రెస్పెక్టెడ్ మేడమ్. ది మిస్టేక్ ఈజ్ మైన్. షీ వాజ్ నాట్ ఇన్‌ఫార్మ్‌డ్. కైండ్లీ ఎక్స్‌క్యూజ్ హర్."

నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. మేనేజరు తెర దగ్గరికి వంగి పళ్ళెంలోకి చూసి, అవేమిటని అడిగింది. చెప్పాను. మజ్జిగ, నానబెట్టడం, ఎండబెట్టడం, కెనడా ఎండ, పంచె, ఆవకాయ సీసాతో సహా అన్నీ చెప్పేశాను. ఇంక దాచేదేముంది? ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత పెన్ను తీసుకుని, పళ్ళెం ఏయే రోజుల్లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉందో మీ అత్తగారిని అడగండి అంది. అత్తగారు నేను అడిగేదాకా ఆగలేదు. రోజులూ, వేళలూ, బుధవారం మోకాలి నొప్పితో సహా అదే ఇంగ్లీషులో చెప్పేసింది. మేనేజరు ఒక్కొక్కటీ రాసుకుని, నేను పంపిన అంకెల పక్కన పెట్టి చూసుకుంది. అప్పుడు, ఆర్నెల్లలో మొదటిసారి, ఆవిడ భుజాలు కదిలేలా నవ్వింది.

"ఈ ప్రాజెక్టులో సరిగ్గా రికార్డు రాసింది ఒక్కరే" అంది. ఆ ఒక్కరు నేను కాదని చెప్పక్కర్లేదు. ఆ తర్వాత నవ్వు ఆపి నా వైపు తిరిగింది. "మిరపకాయలు తప్పు కాదు. చూడకుండా వివరించడం తప్పు. అది మీది. ఇంకోసారి చేస్తే ఊరుకోను."

"చెయ్యను" అన్నాను.

"ఆ మూడు పేజీలు చింపేయండి. ఆసుపత్రికి అరపేజీ పంపుదాం. మిషన్ వెనక ఏమీ పెట్టకూడదని కింద ఒక లైను రాయండి. సోమవారం ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టండి, పర్మనెంట్ కాగితాల మీద."

తెర ఆరిపోయింది. నేను కుర్చీలోంచి లేచి గెంతాను. నలభై ఏళ్ళ మనిషిని, చిన్నపిల్లలా గెంతాను. అత్తగారిని పళ్ళెంతో సహా కావలించుకుంటే మిరపకాయలు మంచం నిండా దొర్లాయి. మా ఆయనకి ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నానన్నది మర్చిపోయి కేక పెట్టాడు.

ఫోన్ పెట్టేసి చూస్తే అత్తగారు మంచం అంచున కూర్చుని, దొర్లిన మిరపకాయలు ఒక్కొక్కటీ ఏరి పళ్ళెంలో వేస్తోంది. మొహంలో సంతోషం ఉంది గానీ కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఏంటి అత్తయ్యగారూ, ఉద్యోగం వచ్చింది కదా! ఇంకా ఎందుకు?"

ఆవిడ తల ఎత్తలేదు.

"మిల్లులో చేరిన కొత్తల్లో మేం ఇద్దరం ఉండేవాళ్ళం టైపిస్టులం. ఇద్దరం టెంపరరీనే. ఒకరోజు సరుకు కాయితం మీద ఊరి పేరు తప్పు కొట్టా. లారీ ఇంకో ఊరెళ్ళి కూర్చుంది. ఆ పిల్ల కొట్టిందనుకుని దాన్ని తీసేశారు."

"మీరు చెప్పలేదా?"

"లేదమ్మాయ్. అది ఏడ్చుకుంటా టిఫిను డబ్బా సర్దుకుంటా ఉంటే, నేను ఎదురు బల్ల మీద టైపు కొడతా కూర్చున్నా. తర్వాతి నెలలో నన్ను పర్మనెంట్ చేశారు. ముప్ఫై ఏళ్ళు చేశా. మీ మామగారిక్కూడా చెప్పలా."

నేను ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"ఇందాక నీ తలుపు దగ్గరే నిలబడ్డా" అంది. "ఆవిడ అడిగితే ఇంట్లో వస్తువు అన్నావు, నన్ను తప్పించావు. అక్కడే నిలబడితే మళ్ళీ ఊరుకుంటానేమోనని భయమేసింది. అందుకే తలుపు కూడా కొట్టకుండా వచ్చేశా."